నల్ల మడుగుకి పొడి మిట్ట అని రాసినాయన

నేనొక పెద్దమనిషిని బురదలోకి తోశానని న్యూజిలాండ్‌లోని ఈ ఇన్వర్‌కార్గిల్‌లో మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా చెప్పుకుంటారు. అబద్ధం. నేను వేలు కూడా తగిలించలేదు. ఆయన రాసిన బోర్డును ఆయనే నమ్మి, తన కాళ్లతో తనే నడిచి దిగాడు.

నేను నర్సుగా పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక ముసలావిడ ఉండేది. వాళ్ల తాతలు స్కాట్లండ్ నుంచి వచ్చి ఇక్కడి కొండవాలులో గొర్రెలు పెంచారు. పైన ఇల్లు, కింద రోడ్డు. మధ్యలో ప్రతి ముక్కకూ తమ గేలిక్ భాషలో ఒక పేరు. ఏ మ్యాపులోనూ లేని ఆ పేర్లు చివరికి ఈవిడ నోట్లోనే మిగిలాయి. పొలం ఎలాగూ అమ్ముడైపోయింది, పేర్లైనా వాటి చోట్లలో ఉండగా చూడాలని ఆవిడ కోరిక.

ఊరి చరిత్ర రాసే పెద్దమనిషి వచ్చాడు. కొండ దగ్గరికి వెళదామంటే తీరిక లేదన్నాడు. లాంజ్‌లో టీ తాగుతూ, ఒళ్లో మ్యాపు పరుచుకుని రాసుకున్నాడు. ఆవిడ గొర్రెలను తోలిన వరసలో, ఇంటి నుంచి కిందికి చెప్పింది: ముందు 'డ్రుయిమ్ చిరమ్', అంటే పొడి మిట్ట. ఆఖరున 'పౌల్ డూ', నల్ల మడుగు. కారులో తిరిగే ఆయన రోడ్డు దగ్గర మొదలుపెట్టి పైకి రాసుకుపోయాడు. పేర్లన్నీ తలకిందులయ్యాయి.

"ఏది ఎక్కడో ఒక్కసారి ఆవిడకి చూపించండి సర్" అన్నాను.

"మీరు మందుల సంగతి చూసుకోండి" అన్నాడు.

ఆ మాటను మడిచి దాచుకున్నాను.

రోడ్డు పక్కన బోర్డు పాతిన రోజు మా ఆయన్ని తోడు పెట్టుకుని ఆవిడను వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లాను. చదివాక ఆవిడ మొహం వాడిపోయింది.

"అమ్మాయ్, మా నాన్న గుర్రం కూరుకుపోయిన చోటుకి పొడి మిట్ట అని రాశాడే!"

ఆయన బోర్డు పక్కనే జనం మధ్య నిలబడి ఉన్నాడు. బోర్డు వెనక పచ్చటి గడ్డి, తివాచీలా నున్నగా ఉంది. నా చూపు ఎటు పోతోందో మా ఆయన పసిగట్టి చెయ్యి పట్టుకున్నారు.

"వదిలెయ్యవే, మనకెందుకు?"

"మందుల సంగతి చూసుకోమన్నాడు కదండీ. డోసు ఇచ్చి వస్తాను."

"సర్, మీ పొడి మిట్ట మీద నిలబడండి, ఫోటో తీస్తాను" అన్నాను తియ్యగా. టై సర్దుకుని దిగాడు. "ఇంకొంచెం వెనక్కి సర్." మోకాళ్ల దాకా దిగబడ్డాడు. తీశాను ఫోటో. "ఆ పేరుకి అర్థం ఏమిటన్నారు సర్?" అని అందరికీ వినపడేటట్టు అడిగాను కూడా. ఇద్దరు పట్టి లాగితే ఆయన వచ్చాడు, ఒక బూటు రాలేదు.

ముసలావిడ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కారెక్కాక మాత్రం, "ఇప్పుడైనా మారుస్తాడంటావా?" అంది. మారుస్తాడన్నాను. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. ఆయన మా మేనేజరుకి నా మీద ఫిర్యాదు పంపాడు, పేరాలు పేరాలుగా. బోర్డు మాత్రం అలాగే ఉంది. అంత ఫిర్యాదు రాయడానికి దొరికిన తీరిక, ఆవిడ బతికుండగా ఆ పేర్లు వాటి చోట్లలో పెట్టడానికి ఆయనకెందుకు దొరకలేదు?