ముందు వాళ్ళింట్లో భోంచేసి రా

పోయిన నెల శ్రీకాకుళంలో ఒక కాలేజీవాళ్ళు చివరి సంవత్సరం పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఉద్యోగం మంచిదా, సొంత వ్యాపారం మంచిదా అన్నది విషయం. మైకు పట్టుకుని, బట్టీపట్టిన మొదటి వాక్యం ఎత్తుకోబోతుంటే వెనక కాంటీన్ లోంచి పచ్చి ఆవపిండి ఘాటు గుప్పున కొట్టింది. వాక్యం ఎటో ఎగిరిపోయింది. చేతిలో గరిటెతో నరసమ్మ పిన్ని కళ్ళముందుకొచ్చి నిలబడింది.

పిన్ని నాకు చుట్టమేమీ కాదు. విజయనగరంలో మా వీధి చివర ఉంటూ పెళ్ళిళ్ళకు వంటలు ఒప్పుకునేది, అందుకని ఊరందరికీ పిన్నే. నేను ఇంజనీరింగు పూర్తిచేసి, హైదరాబాదులో ఉద్యోగం ఖాయమై, చేరడానికి ఇంకా గడువున్న రోజుల్లో ఊరికే కూర్చోలేక ఆవిడ దగ్గర కూరలు తరగడానికి వెళ్ళాను. ఆ కాలక్షేపమే పిచ్చిగా మారింది. సొంతంగా కేటరింగు పెడతానని ఇంట్లో చెబితే, నాన్న నోటి దాకా తీసుకెళ్ళిన ముద్ద కంచంలో పెట్టేశాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఒక్క పెళ్ళి నేను సొంతంగా చేసి చూపించాలి. అది బెడిసికొడితే మారుమాట్లాడకుండా హైదరాబాదు రైలెక్కాలి.

పిన్నికి ఒక వింత అలవాటుండేది. ఎవరి పెళ్ళికి వండాలో ముందు వాళ్ళింట్లో ఓ పూట భోంచేసి వచ్చేది. వాళ్ళు పిలిచేదాకా ఆగేది కూడా కాదు. "ఒక ముద్దెట్టండమ్మా, తినేసి ఎల్తాను" అని చతికిలబడేది. పక్కన నేను సిగ్గుతో సగమైపోయేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ ఇంట్లో పెద్దాయనకు పళ్ళు లేవనీ, పిల్లలు కారం ముట్టరనీ, ఇంటావిడకు మజ్జిగ పులుసంటే ప్రాణమనీ చెప్పుకుంటూ వచ్చేది. ఇదంతా చాదస్తమని నేను అనుకునేదాన్ని.

నా మొదటి ఆర్డరు శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డునున్న ఒక పల్లెలో వచ్చింది. చేపల వేటకు వెళ్ళే కుటుంబం, ఆడపిల్ల పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున. ఎనిమిదింటికి ఇడ్లీ, ఉప్మా, ఒంటిగంటకు ఘనంగా భోజనాలు అని ఫోన్లో అందంగా రాసుకుని పిన్నికి చదివి వినిపించాను. అంతా ఓపిగ్గా విన్నది.

"బాగున్నాది. ఆలింట్లో తిన్నావేటి?"

లేదన్నాను.

"మరి ఇది ఎవులి పెళ్ళికే ఇంజనీరమ్మా, నీ పెళ్ళికా?"

రోషం వచ్చింది, అయినా వెళ్ళాను. ఉదయం తొమ్మిది కావస్తుండగా చేరాను. అప్పుడే పడవలు ఒడ్డుకొచ్చాయి. మగవాళ్ళు తడిబట్టలు మార్చుకుని వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళు పొగలు కక్కే అన్నం రాశులుగా వడ్డించి పులుసు పోశారు. చీకట్లో సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళ ఆకలి అది, ఎవరూ తలెత్తలేదు. నాకూ అక్కడే కంచం పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటకు చూద్దును గదా, ఊరు ఊరంతా గురకపెట్టి నిద్రపోతోంది. నేను భోజనాలు పెడదామనుకున్న వేళ అదే.

తిరిగొచ్చి మొత్తం మార్చేశాను. పడవలొచ్చే వేళకు భోజనాలు, సాయంత్రానికి టిఫిన్లు. పొద్దున్నే పెళ్ళి భోజనం ఎవరు తింటారని నాన్న నవ్వాడు. పిన్ని మాత్రం వంకాయలు తరుగుతూ ఊఁ అన్నది.

పెళ్ళినాడు బంధువులు ఆగిపోయినా ఊళ్ళో మిగతావాళ్ళు వేటకు వెళ్ళారు. తొమ్మిదయింది. అన్నం వండి సిద్ధంగా ఉంది, పడవల జాడ లేదు. నా పని చూడ్డానికొచ్చిన నాన్న గడియారం చూసుకుంటున్నాడు, నేను సముద్రం చూస్తున్నాను. అన్నంతోపాటు నా కేటరింగూ చల్లారిపోతోందనిపించింది. అంతలో ఒడ్డున కేకలు వినిపించాయి. కాసేపటికి పందిరి నిండిపోయింది.

సాయానికి వచ్చిందనుకున్న పిన్ని చేతులు కడుక్కుని, వెళ్ళి మొదటి బంతిలో కూర్చుంది. నేను తెల్లబోయాను. అందరూ తిని, గిన్నెలు తోమాక గానీ ఆవిడ ఏ పెళ్ళిలోనూ మెతుకు ముట్టదు. పనసపొట్టు కూరలో ఆవ ముందే కలిపితే చేదెక్కుతుందని, జనం కూర్చున్నాకే కలపాలని నేర్పింది ఆవిడే. ఆవిడ చూస్తుండగానే కలిపి వడ్డించాను. ఒక ముద్ద తిన్నది, ఇంకో ముద్ద తిన్నది. తర్వాత ఆకు కాస్త ముందుకు జరిపింది.

"ఇంకొంచెం ఎయ్యవే."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవ ఘాటని అందరికీ చెప్పాను. పెళ్ళికూతురి తల్లి నా భుజం మీద చెయ్యేసి, "మా ఊరి ఆకలేళ నీకెవులు సెప్పినారమ్మా?" అన్నది. నాన్న రెండోసారి పప్పు వేయించుకున్నాడు. హైదరాబాదు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కాలేజీలో బట్టీపట్టింది వదిలేసి ఈ కథే చెప్పాను. పిల్లలు బాగా నవ్వారు. అయిపోయాక ఒకమ్మాయి దగ్గరికొచ్చి, బస్టాండు దగ్గర చిరుధాన్యాల టిఫిన్లు పెడతానని, ఒక సలహా ఇమ్మని అడిగింది. అక్కడ తినేది ఎవరన్నాను. ఎక్కువగా ఆటోవాళ్ళు అన్నది. వాళ్ళతో కలిసి ఎప్పుడైనా తిన్నావా అంటే లేదన్నది. నిన్న ఫోన్ చేసింది. ఆటోస్టాండులో వాళ్ళ కారియర్లు పంచుకుని తిన్నదట, అనుకున్న వంటల్లో సగం మార్చేసిందట. ఆదివారం ప్రారంభం, తప్పకుండా రమ్మన్నది.

పిన్ని ఇప్పుడు లేదు. ఉంటే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆదివారం పొద్దున్న ఇంట్లో కాఫీ కూడా తాగకుండా బయల్దేరతాను. ఆ ఆటోవాళ్ళ పక్కనే కూర్చుంటాను. బాగుంటే, ఆ పిల్లకి వినబడేలా, మారు వడ్డించమని అడుగుతాను.