నొప్పి ఎట్లుంటాదో చెప్పమన్న వకీలు

మా వకీలు సారు పోయారని మొన్న జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మ చెప్పింది. మిషన్ ఆపేశాను. ఆయన నాకు చుట్టం కాదు, మా మైదుకూరు మనిషీ కాదు. అంత ఏడుపు ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

కొన్నేళ్ళ కిందట కడప దారిలో మా ఆటోను లారీ గుద్దింది. నా కుడి భుజం విరిగింది. కట్టు విప్పాక కూడా చెయ్యి పైకి లేవలేదు. కేసు వేసింది ఆయనే. ఆసుపత్రి ఖర్చు వేరే, ఆగిన కుట్టుపని సంపాదన వేరే, నొప్పికీ బాధకూ వేరే అడగాలన్నారు. నొప్పికి డబ్బులేమిటో నాకు బోధపడలేదు.

"నొప్పి ఎట్లుంటాదో చెప్పు తల్లీ" అన్నారు.

"నొప్పి నొప్పి మాదిరే ఉంటాది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏమీ తోచకపోతే అదే ఆయన పని. "సరే, దాన్ని ఎవరికీ చూపించలేం. ఏ పని ఆగిపోయిందో అది చెప్పు" అన్నారు.

కోర్టులో బోనెక్కాను. ఇన్సూరెన్సు తరఫు వకీలు నవ్వుతూ, "ఇప్పుడెట్లుండావమ్మా?" అన్నాడు. పెద్దమనిషి అంత మర్యాదగా పలకరిస్తే ఏమంటాం? "బాగుండా సార్, మీ దయ" అన్నాను. అంతే, ఆయన కూర్చున్నాడు. నా కొంప నేనే ముంచుకున్నానని మా ఆయన మొహం చూశాక అర్థమైంది.

మా సారు తిట్టలేదు. లేచి, "నీ తల ఎవరు దువ్వుతాండారమ్మా?" అనడిగారు.

"మా అత్త, సార్."

"ఊరందరికీ జాకెట్లు కుట్టినావు. నీ జాకెట్టు ఎవరు తొడుగుతాండారు?"

తలొంచుకుని "ఆమే" అన్నాను. జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. అందరి ముందూ నా సిగ్గు తీశారని మా సారు మీద కోపమొచ్చింది. నా మేలుకే తీశారనీ తెలుసు. రెండిట్లో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను.

తీర్పులో నొప్పికీ బాధకూ విడిగా ఇచ్చారని ఆయనే చదివి చెప్పారు. నాకు భయమేసింది.

"సార్, ఈ దుడ్లు తీసుకుంటే ఇంక నొస్తాందని అనకూడదా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "ఎవరన్నారమ్మా? నొచ్చినప్పుడల్లా అను. నొప్పినేం కోర్టుకు అమ్మలేదు నువ్వు."

బస్టాండు దాకా వచ్చారు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపబోతే అది భుజం కిందే ఆగింది. ఆయన పైకెత్తిన తన చేతిని మెల్లగా నా చెయ్యంత ఎత్తుకు దించి, అక్కడే ఊపుతూ నిలబడ్డారు.