కావ్య చేతి వేగం

కావ్య ఒకచోట కుదురుగా కూర్చుందంటే నమ్మే మనిషి సూర్యాపేటలో లేడు. కుర్చీలో ఉన్నా ఒక కాలు బయటే ఉంటుంది. టీ వస్తే నిలబడే తాగుతుంది, అదీ సగం. బస్సెక్కితే దిగాల్సిన చోటుకు రెండు స్టాపుల ముందే లేచి డోరు దగ్గర వేలాడుతుంది. "నువ్వు కూసున్న కుర్సీకి గూడ కాళ్లొస్తయ్ కావ్యా" అంటాడు ఆమె పనిచేసే ఆఫీసు యజమాని శ్రీను సార్. తిరుమలగిరి అవతలి తండాలో ఉండే వాళ్లమ్మ సుక్కి అదే మాటను లంబాడీలో ఇంకాస్త ఘాటుగా అంటుంది.

ఇరవై ఏడేళ్ల ఈ పిల్ల చేసే పని ఏమిటంటే, ఇంకా కట్టని ఇళ్లలో మనుషుల్ని తిప్పడం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. హైదరాబాదులో రెండు ఉద్యోగాలు, నల్లగొండలో ఒకటి పట్టింది, వదిలింది. చివరికి సూర్యాపేట బస్టాండు దగ్గర శ్రీను సార్ ప్లాన్ల ఆఫీసులో కుదురుకుంది. కుదురుకుంది అంటే మూడేళ్లుగా మానెయ్యలేదని మాత్రమే అర్థం.

ప్లాను కాగితం మీది గీతలు చూసి ఇంటిని ఊహించుకోవడం అందరి వల్లా కాదు. కావ్య ఆ గీతల్ని కంప్యూటర్లో గోడలుగా లేపుతుంది. రంగులేస్తుంది, కిటికీలోంచి ఎండ పడేట్టు చేస్తుంది. ఆ తర్వాత మౌసు పట్టుకుని, ఇల్లు కట్టుకునేవాళ్లను ఆ ఇంట్లోకి తీసుకుపోతుంది. ముందే తీసిపెట్టిన వీడియో కాదు, ఎటు తిరిగితే అటు అప్పటికప్పుడు ఇల్లు కనబడుతుంది. మంగళవారం కోదాడ, శుక్రవారం మిర్యాలగూడ, మిగతా రోజులు సూర్యాపేట. సంచిలో లాప్‌టాప్ వేసుకుని బస్సుల్లో తిరగడమంటే ఆమెకు ప్రాణం. అసలు ఉద్యోగం నిలిచిందే ఆ తిరుగుడు వల్ల.

ఆ సాఫ్ట్‌వేర్‌లో జనరల్ ప్రిఫరెన్సెస్ అని ఒక పేజీ ఉంది. కొలతలు మీటర్లలో ఉండాలా అడుగుల్లో ఉండాలా, చేసిన పనిని ఎన్ని నిమిషాలకోసారి సేవ్ చేసుకోవాలి, ఇంట్లో నడిచే మనిషి కంటి ఎత్తు ఎంత, నడక వేగం ఎంత, తల తిప్పితే ఎంత మెత్తగా తిరగాలి, అన్నీ అక్కడే తేలతాయి. మామూలుగా ఎవరూ దాని జోలికి పోరు. కావ్య మాత్రం లాప్‌టాప్ చేతికొచ్చిన రోజే ఆ పేజీ తెరిచి దాని పని పట్టింది. నడక వేగాన్ని చివరిదాకా జరిపింది. మెత్తగా తిరగడం తీసేసింది. మణికట్టు ఇంత కదిలిస్తే ఇల్లంతా గిర్రున తిరగాలి, అప్పుడే ఆమెకు తృప్తి. సేవ్ అయ్యేటప్పుడు తెర రెండు సెకన్లు ఆగుతుందని దాన్ని కూడా బందు పెట్టింది. తెరలో ఒకేసారి ఎంత మేర కనబడాలో తేల్చే చూపు వెడల్పు ఒక్కటి మాత్రం శ్రీను సార్ చెప్పి పెంచించాడు. అది పెంచితే పదడుగుల గది కూడా ఫంక్షన్ హాలులా కనబడుతుంది. ఆ లాప్‌టాప్‌ను ఇంకెవరైనా ముట్టుకుంటే గోడలు దాటి ఆకాశంలోకి పోవాల్సిందే. కావ్యకు అదో గర్వం. ఏం గర్వమో!

మిర్యాలగూడలో రేణుకమ్మ అని ఒకావిడ ఉంది. బడిలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త తొందరగా పోతే, కొడుకు మల్లేష్‌ను పెట్టుకుని కిరాయి ఇళ్లలోనే బతుకు ఈడ్చింది. ఇప్పటికి పదకొండు ఇళ్లు మారింది. కొడుకు రైసు మిల్లులో సూపర్‌వైజరయ్యాక, నూట ఇరవై గజాల ప్లాటులో ఇల్లు కట్టుకుందామని శ్రీను సార్ దగ్గర ప్లాను గీయించారు. పునాదికి ముగ్గు పోయడానికి ఒక శనివారం ముహూర్తం కూడా పెట్టించారు.

దానికి పదిహేను రోజుల ముందు, శుక్రవారం నాడు కావ్య వాళ్లుండే కిరాయి ఇంటికి వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. గేటు, వరండా, హాలు, వంటిల్లు, రెండు బెడ్‌రూములు, మెట్లు, డాబా. మొత్తం నలభై సెకన్లు. మల్లేష్ "సూపర్ మేడం" అన్నాడు. రేణుకమ్మ మాత్రం గోడ పట్టుకుని లేచి, వాకిట్లోకి పోయి వాంతి చేసుకుంది.

"పొద్దుగాల ఏం తినలే బిడ్డా" అని కొంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వింది.

మల్లేష్ అంతటితో ఊరుకుంటే కథే లేదు. ఇంట్లో దోషముందేమోనని వాస్తు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన ప్లాను చూసి మెట్లు తిరగాల్సిన వైపు తిరగలేదన్నాడు. సరే అని కావ్య మెట్లు తిప్పింది. తర్వాతి శుక్రవారం మళ్లీ లాప్‌టాప్ తెరిస్తే, ఈసారి హాలు దాటకముందే రేణుకమ్మకు చెమటలు పట్టాయి. కళ్లు మూసుకుని కింద కూర్చుండిపోయింది. మల్లేష్ భార్య నీళ్లు తెచ్చి ముఖాన చల్లింది.

"ఈ ఇల్లు నన్ను రానిస్తలేదు బిడ్డా" అంది రేణుకమ్మ, తేరుకున్నాక. "నాకు సొంతిల్లు రాసి లేదు. బొమ్మలనే గిట్లుంటే, కట్టినంక నన్ను బతకనిస్తదా?"

మల్లేష్ కావ్యను గేటు దాకా సాగనంపుతూ నెమ్మదిగా చెప్పాడు. "ప్లాటు కావాలని ఇద్దరు అడుగుతున్నరు మేడం. అమ్మ అమ్మేయమంటున్నది. మీరు వచ్చే శుక్రవారం ఒక్కసారి రాండ్రి. అప్పుడు గూడ గిట్లనే అయితే, ముగ్గు పోసుడు లేదు. ఇగ ఆ ప్లాటు ముఖం సూడం."

తిరుగు బస్సులో కావ్యకు ఒళ్లు మండింది. బొమ్మ చూసి భయపడితే నేనేం చేసేది అనుకుంది. మళ్లీ వెంటనే, నీళ్లు కారుతున్న రేణుకమ్మ ముఖం గుర్తొచ్చి మనసు పీకింది. ఫోను తీసింది, పెట్టింది, కిటికీ తెరిచింది, మూసింది. పక్క సీటు ఆవిడ లేచి వేరే సీటుకు పోయింది.

మంగళవారం కోదాడలో జానయ్య మాస్టారింటికి వెళ్లింది. రిటైరైన లెక్కల మాస్టారు, చిలుకూరులో కొడుకు కోసం ఇల్లు కట్టిస్తున్నాడు. కావ్య ఎప్పటిలాగే ఇల్లంతా చుట్టబెట్టి "ఎట్లుంది సార్" అంది.

"బాగుందమ్మా" అన్నాడు మాస్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. కాస్త నిదానంగా తిప్పు అమ్మాయ్. కళ్లు తిరిగి చస్తున్నా. ఇందాకట్నుంచి నేను చూస్తున్నది నీ ఇల్లు కాదు, ఆ గోడ మీది క్యాలెండరు" అన్నాడు.

"మరి పోయినసారి గూడ బాగుంది అన్నరు కద సార్?"

"నువ్వంత హుషారుగా చూపిస్తుంటే బాగాలేదని ఎలా అంటానమ్మా?"

కావ్యకు తల కొట్టేసినట్టయింది. నేరేడుచర్ల నుంచి వచ్చిన రైతొకాయన చూపించినంతసేపూ ఫోను చూసుకోవడం గుర్తొచ్చింది. ఇంకో ఇంట్లో ఒక ముసలాయన "మావోడు సూసిండు కద, సాలు" అంటూ లేచిపోవడం గుర్తొచ్చింది. వాళ్లకు ఆసక్తి లేదనుకుంది ఇన్నాళ్లూ. మూడేళ్లుగా తను తిప్పిన ఇళ్లలోకి తను తప్ప ఎవరూ రాలేదన్నమాట. సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది. రేణుకమ్మను ఇంట్లోకి రానివ్వంది వాస్తు కాదు, మెట్లు కాదు. తన చెయ్యి.

బుధవారం ఆఫీసులో ఆ ప్రిఫరెన్సెస్ పేజీ తెరిచి శ్రీను సార్‌కు విషయం చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు. "వేగం తగ్గిస్తే తగ్గించు" అన్నాడు. "వెడల్పు మాత్రం ముట్టకు. హాలు చిన్నగ కనవడితే పార్టీ జారిపోతది."

"దాంతోటి గూడ కండ్లు తిరుగుతయ్ సార్. అంచులకు గోడలు సాగినట్టు కనవడ్తయ్."

"మాత్ర ఏసుకొని రమ్మను" అని ఆయన ఇంకో ప్లాను మీదికి వంగాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అందరూ చేసే పని తనూ చేస్తున్నానన్న ధీమా, అంతే.

కావ్య నడక వేగాన్ని చివరి నుంచి మొదటికి లాక్కొచ్చింది. తిరగడం మెత్తగా పెట్టింది. కంటి ఎత్తు ఐదున్నర అడుగులని ఉంది. రేణుకమ్మ తల తన భుజం దాకా వస్తుంది కదా అని దాన్ని నాలుగున్నరకు దించింది. వెడల్పు దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. యజమాని మాట. ఉద్యోగం. ముట్టకుండానే లాప్‌టాప్ మూసి, రెండు రోజులు దాని గురించే గింజుకుంటూ తిరిగింది. మానేద్దామా అని కూడా అనుకుంది, ఆమెకు అది అలవాటైన ఆలోచనే.

శుక్రవారం మధ్యాహ్నం మిర్యాలగూడలో రేణుకమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుంది. ఉరిశిక్ష వినడానికి వచ్చినట్టుంది ఆవిడ ముఖం. కావ్య నెమ్మదిగా గేటు దాటించింది, వరండా ఎక్కించింది. హాల్లోకి రాగానే రేణుకమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయింది. మల్లేష్ తల్లినీ తెరనూ మార్చి మార్చి చూసి, "ఇగ సాలు మేడం, బందు పెట్టండి" అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది కావ్య. వాళ్ల ముందే ఆ పేజీ తెరిచి, చూపు వెడల్పును అసలు కొలతకు దించింది. కళ్ల ముందే హాలు ముడుచుకుంది. అటు గోడ దగ్గరికొచ్చింది. సోఫా పక్కన రెండు కుర్చీలు పట్టే జాగా కాస్తా ఒక్క కుర్చీకి వచ్చింది.

"అదేంది, హాలు గింతే అయింది?" అన్నాడు మల్లేష్.

"అసలు ఇంతే. ఇన్ని రోజులు మేమే పెద్దగ చేసి సూపెట్టినం."

"అంటే మోసం చేసినట్టే కద మేడం?"

"అవును" అంది కావ్య. "అమ్మకు కండ్లు తిరిగింది గూడ దానితోటే, నేను ఉరికిచ్చుడుతోటే. ఇంటి దోషం లేదు. నా దోషమే."

మల్లేష్ లేచాడు. శ్రీను సార్‌కు ఫోను చేస్తానన్నాడు. ఇంకా ఏమేమో అన్నాడు, అన్నీ అనదగినవే. రేణుకమ్మ ఆ మాటలేవీ వింటున్నట్టు లేదు. నుదుటి మీద చెయ్యి ఎప్పుడో తీసేసింది, తెర వైపే చూస్తోంది.

"ఊకో రా" అంది కొడుకుతో. "ఇప్పుడు గోడ గోడ లెక్క కనవడ్తున్నది. బిడ్డా, అది నా చేతికి ఇస్తవా? నేనే పోత."

కావ్య మౌసు ఇచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించింది. రేణుకమ్మ నడవడం మొదలుపెట్టింది. అది నడక అంటే నడక కాదు. అడుగు వేసి ఆగడం, గోడను పైనుంచి కిందిదాకా చూడటం, మళ్లీ ఇంకో అడుగు. హాలు దాటడానికి ఆరు నిమిషాలు పట్టింది. కావ్యకు ముళ్ల మీద కూర్చున్నట్టుంది. చెయ్యి రెండుసార్లు మౌసు వైపు పోయింది, రెండుసార్లూ వెనక్కి లాక్కుని ఒడిలో పెట్టుకుంది.

వంటింట్లో రేణుకమ్మ చాలాసేపు నిలబడింది. "చిన్నగనే ఉన్నది" అంది. మల్లేష్ కావ్య వైపు కొరకొరా చూశాడు. "చిన్నగుంటే ఏమాయె, ఊడ్సేది నేనే కద" అని ఆవిడ బెడ్‌రూములోకి సాగింది. అక్కడి కిటికీ, బాత్రూమ్ గడప, వెనక బట్టలుతికే గచ్చు, అన్నీ చూసుకుని అరగంటకు తిరిగి హాల్లోకి వచ్చింది. లోపలి నుంచి వీధి తలుపుకు ఎదురుగా నిలబడి అడిగింది.

"ఈ తలుపు ఎట్ల మూస్తరు?"

మూడేళ్లలో కావ్య ఏ ఇంటికీ మూసిన తలుపు పెట్టలేదు. ఎగురుకుంటూ పోవడానికి అడ్డమని అన్ని తలుపులూ బార్లా తెరిచే ఉంచేది. మూయమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కూడా.

"జర ఆగండమ్మా, చేస్త" అని లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. తలుపు రెక్కను తిప్పి, చౌకట్లో కూర్చోబెట్టి, టేకు రంగు సరిచేసి, లోపలి వైపు ఒక గడియ పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. మళ్లీ మౌసు రేణుకమ్మ చేతికిచ్చింది.

తెర మీద తలుపు మూసి ఉంది. బయటి వీధి కనబడటం లేదు. హాల్లో కిటికీ వెలుగు మాత్రం ఉంది.

"గడియ లోపటికే కద?" అంది రేణుకమ్మ.

"లోపటికేనమ్మా."

"కిరాయిండ్లల్ల పగటిపూట తలుపేస్తే ఓనరమ్మ వచ్చి దబదబ కొట్టేది, ఏం జేస్తున్నవ్ లోపట అని. ముప్పై ఏండ్లు తలుపు తెరిసి పెట్టుకోనే అన్నం తిన్న." మామూలుగానే చెప్పింది. మల్లేష్ ఫోను జేబులో పెట్టేసుకుని తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు.

"మల్లేషూ, మేస్త్రికి చెప్పు. రేపు ముగ్గు పొయ్యమను."

చెప్పిందే గానీ, ఆవిడ ఆ మూసిన తలుపు ముందు నుంచి కదల్లేదు.