ఇంటికంటే ముందు పొయ్యి

యుద్ధం ముగిసి, ఫిన్లాండ్ తూర్పు ప్రాంతమైన కరేలియా రష్యా పాలై సరిహద్దుకు అవతలపడిన శరదృతువులో వాల్‌పురి తన ఊరు వదిలింది. భర్త ఆ వేసవిలోనే యుద్ధంలో పోయాడు. ఒక ఆవు, రొట్టె పిండిని పులియబెట్టే పులుపు చావకూడదని ఎన్నడూ కడగని పిండి తొట్టి, డెబ్బై ఆరేళ్ల అత్త ఎలీసా. ఇంతే వెంటబెట్టుకుని ఫిన్లాండ్ పడమటి కొసన హిల్మా అనే రైతు ఇల్లాలి ఇంట్లో ఒక గదికి చేరింది.

వచ్చిన మొదటి శనివారమే, ఎవరినీ అడగకుండా, వంటింట్లో పెద్ద పొయ్యి రాజేసింది. శనివారం పొయ్యి వెలిగించడానికి అనుమతి కావాలని ఆమెకు తోచలేదు. హిల్మా పశువుల కొట్టం నుంచి పరుగున వచ్చింది.

"ఎవరి పెళ్లి?"

"శనివారం కదమ్మా. రొట్టె కాల్చాలి."

"మీ ఊళ్లో అడవులన్నీ ఇట్లాగే తగలేశారా?"

"తగలెయ్యలేదమ్మా. వదిలేసి వచ్చాం."

హిల్మా చెడ్డది కాదు. దుప్పట్లు ఇచ్చింది, పాలకు లెక్క చూడలేదు. కానీ ఆ ప్రాంతంలో రొట్టె ఏడాదికి రెండుసార్లే కాలుస్తారు. నడుమ చిల్లు చేసి, కర్రలకు గుచ్చి, వాసాల కింద ఎండబెట్టి ఆర్నెల్లు కొరుక్కుంటారు. ఎలీసాకు నోట్లో ఒక్క పన్ను లేదు. ఎండు రొట్టె పాలలో నానబెడితే రెండు ముద్దలు మింగి, ఇది గోడకు పూసే సున్నమని గిన్నె నెట్టేసేది. చివరికి హిల్మా నెలకోసారి పొయ్యి ఇవ్వడానికి ఒప్పుకుంది. మెత్తటి రొట్టె ఉన్న వారం ముసలమ్మ తినేది. మిగతా మూడు వారాలు చిక్కిపోయేది. మరో చలికాలం ఇట్లా గడిస్తే ఈమె దక్కదని వాల్‌పురికి అర్థమైంది.

1946 వసంతంలో నిరాశ్రయులకు భూములు పంచారు. వాల్‌పురికి హిల్మా పొలం చివర రాళ్ల నేల వచ్చింది. అందరూ ముందు ఆవిరి స్నానాల గది కట్టుకుని, అందులో కాపురముంటూ ఇల్లు లేపుకున్నారు. ఈమె మాత్రం చేలో ఏరిన రాళ్లు, కాలువలో తవ్విన బంకమట్టి మోసుకొచ్చి, ఉత్త నేల మీద రొట్టెల పొయ్యి కట్టింది. పైన వాన పడకుండా నాలుగు పలకలు వేసింది. జనం చూడ్డానికి సైకిళ్ల మీద వచ్చారు. ఆమె వాళ్లను పట్టించుకోలేదు. ప్రతి శనివారం హిల్మా ఇంటి నుంచి పిండి తొట్టిని తోపుడు బండిలో తెచ్చి కాల్చింది. ముసలమ్మ పులుపు చాల్లేదని సణుగుతూనే సగం రొట్టె తినేసేది.

వేసవి చివర్లో ఇల్లు కట్టడానికి వచ్చిన వడ్రంగి ఐనార్ పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గాలి వాటం చూసుకుని ఆమె దాని నోరు అడవివైపు పెట్టింది.

"పొయ్యి నోరు ఎటుంటే తలుపు అటే పెట్టాలి. దీని చుట్టూ కడితే అది రోడ్డు వైపు కాక అడవిలోకి వస్తుంది తల్లీ. పడగొట్టి, తిప్పి కట్టుకో."

"మట్టి ఆరడానికి ఎన్నాళ్లు?"

"మూడు వారాలు."

"మూడు శనివారాలు మా అత్త ఏం తింటుంది మేస్త్రీ? తలుపే అటు పెట్టు."

ఐనార్ టోపీ తీసి తల గోక్కుని, కొలతలు మళ్లీ మొదలుపెట్టాడు. మంచు పడేలోపు పైకప్పు వేశారు. ఎలీసా ఆ ఇంట్లో ఇంకా ఏడు చలికాలాలు బతికింది. ఉత్తరాలు తెచ్చే మనిషి రోడ్డు మీద సైకిలు ఆపి, సణుక్కుంటూ ఇల్లంతా చుట్టి తలుపు దగ్గరికి వెళ్లేవాడు. శనివారాల్లో మాత్రం సణగకుండా వెళ్లేవాడు.