పప్పుకు పోపు పడని వారం

పొద్దున జల్‌పల్లిలో మా వంటింట్లో పప్పుకు పోపు పెడుతుంటే వెల్లుల్లి కాస్త మాడింది. విసుక్కోవాల్సింది పోయి నవ్వొచ్చింది. మా మేనత్త గుర్తొచ్చింది.

పరిశోధన చేసే రోజుల్లో నేను చార్మినార్ వెనక గల్లీలో ఆవిడ ఇంట్లో ఉండేదాన్ని. ముందు గదుల్లో మేము, వెనక కొట్టంలో బర్రెలు. ఎవరి మర్యాద వాళ్ళది, బర్రెలది కాస్త ఎక్కువ. మా ల్యాబులో ఎలుకలకు మశూచి జాతి వైరస్ ఎక్కించి, మందిచ్చి బతికించాం. బతకడం సరే. మందు వైరస్‌ను తొందరగా అణిచేస్తే, దానితో పోరాడడం ఒంటికి ఎప్పుడు అలవాటవుతుంది? అదే వైరస్ మళ్ళీ వస్తే ఎలుక తట్టుకుంటుందా? నా చదువంతా ఆ ప్రశ్న మీదే వేలాడుతోంది. రెండోసారి వైరస్ ఇచ్చిన రోజు ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే, ఏమైందని అత్తమ్మ అడిగింది.

"ఎలుకలకు అమ్మోరు పోసింది అత్తమ్మా. మందేసి తగ్గించినం. ఇయ్యాల మళ్ల ఎక్కించినం."

"ఎల్లగొట్టి మళ్ల పిలుస్తరా? తల్లి ఊకుంటదా బిడ్డా?"

నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే నా భయమూ అదే. మర్నాటికల్లా గుమ్మానికి వేపమండలు, పప్పులో పోపు లేదు. అమ్మవారు ఉన్న ఇంట్లో పోపు పెట్టకూడదు మరి. పోసింది ఎలుకలకు కదా అంటే, "నువ్వు ఆడికెల్లే వస్తున్నవ్ గద" అంది. మండలు చూసి పాలకొచ్చేవాళ్ళు ఆగిపోయారు. ఎదురింటి భాయ్ ఒక్కడే గిన్నె పట్టుకుని, ఇంట్లో ఎవరికి పోసిందని దూరం నుంచి కేకేశాడు.

"అమ్మా, ఘర్ మే కిస్కో హువా?"

"చూహోంకు!" అంది అత్తమ్మ, ఎలుకలకని. ఆయన ఇంకాస్త వెనక్కి జరిగాడు.

ఆ వారమంతా నాకు చప్పిడి పప్పు కూడా గొంతు దిగలేదు. మందు పడ్డ ఎలుకల రక్తంలో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు కాస్త తక్కువే కనబడేసరికి లెక్క మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. ఎలుకలకు మాత్రం ఆ ఫికరే లేదు. మేత తింటూ, మీసాలు తుడుచుకుంటూ నిక్షేపంలా ఉన్నాయి. ఒక్కటీ పడిపోలేదు. మందు పడ్డా ఒళ్ళు శత్రువును గుర్తుపెట్టుకుంది. హమ్మయ్య అనుకుంటూ ల్యాబులోనే ఏడ్చేశాను. తర్వాత ఇంటికి ఫోన్ చేశాను.

"మళ్ల వచ్చింది అత్తమ్మా. ఏమనకుండ పోయింది."

"సల్లగ సూసింది తల్లి. జల్ది రా, అన్నం తిందువు."

గల్లీ మలుపు తిరగ్గానే వెల్లుల్లి పోపు ఘాటు ముక్కుకు తగిలింది.

ఒకసారి తగిలినదాన్ని ఒళ్ళు ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటుందో కొలవడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది. ఇన్నేళ్ళకూ నాలో పలచబడనిది మాత్రం ఆ పోపు వాసనే.