లాంచీ ముందు ఎవరి దగ్గరికి పోవాలి

పందొమ్మిదొందల అరవై ఒకటి చివర్లో నన్ను సూళ్లూరుపేట కాలువ సెక్షనుకు సూపర్‌వైజరుగా వేశారు. సూపర్‌వైజరంటే ఇంజనీరింగ్ ఉద్యోగాల్లో కింది మెట్టు. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన డివిజనంతటికీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నా పని పులికాట్ సరస్సులో పడవల దారి పూడిపోకుండా చూడటం. అప్పటికి శ్రీహరికోటలో రాకెట్లు లేవు, అడవీ సరుగుడు తోటలూ ఉండేవి. అక్కడ కొట్టిన కట్టెలు పడవల్లో సరస్సు దాటి, మద్రాసు పొయ్యిల దాకా పోయేవి. కట్టెల పడవలు అడుగు తగలకుండా నడవాలంటే సరస్సులో ఒక లోతు కాలువ తవ్వి ఉంచాలి, ఏటా పూడిక తీయాలి. తీసిన బురదను దూరం మోయించే స్తోమత మాకు లేదు కనుక కాలువ పక్కనే, నీళ్లలోనే పోసేవాళ్లం.

ఆ పోస్టుకు ఆర్డరులో రాయని పని ఇంకొకటి అంటుకుని వచ్చింది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి తెరచాపల పిచ్చి. చదువుకునే రోజుల్లో సీమలో, అంటే ఇంగ్లండులో, నేర్చుకున్నారట. సరస్సు ఉత్తరపు ఒడ్డున నలుగురైదుగురు ఆఫీసర్లనీ, మిషన్ స్కూలు అయ్యవార్లనీ, పోస్టాఫీసు వాళ్లనీ పోగేసి ఒక సెయిలింగ్ క్లబ్బు పెట్టారు. ఇద్దరు మనుషులు పట్టే డింగీలు, అంటే ఒంటి తెరచాప చిన్న పడవలు, ఓ అరడజను ఉండేవి. జీతానికి పనివాడు ఒక్కడూ లేడు. పడవ ఎక్కాలనుకున్నవాడే దాని అడుగు గీకాలి, నీళ్లు దిగకుండా కీలు పూయాలి, రంగు వేయాలి.

కార్తీకం వానలు వెలిసి సరస్సు నిండాక పడవలు దించేవాళ్లం. అప్పటినుంచి మార్చి దాకా ఆదివారం చర్చి అయ్యాక పందేలు. ఏప్రిల్లో నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డు ఉప్పుతో తెల్లబడేది. పడవలు తాటాకు పాకలో బోర్లించేవాళ్లం. ఎండాకాలమంతా మరమ్మతులు. చిరిగిన చాపలు మా అక్క కమలమ్మ కుట్టు మిషను మీద అతికేది. తుఫాన్ల నెలల్లో పాక ఎగిరిపోకుండా తాళ్లు బిగించడం, తెల్లారి పోయి చూసుకోవడం. ఈ పనుల్లో ఇంజనీరని, గుమాస్తా అని తేడా లేదు. అదొక్కటే నాకు ఆ క్లబ్బులో నచ్చింది. మొదట్లో మాత్రం, ఆదివారాలు కూడా పెద్దాయన కళ్లముందే ఉండాలా అని లోపల గొణుక్కునేవాణ్ణి.

పందెం రోజున ఒకరు డ్యూటీ ఆఫీసరు. అతను పందెంలో దిగడు, మోటారు లాంచీలో ఉంటాడు. బోల్తా పడినవాళ్లను తీసేది అతనే. నీళ్ల మీద అతని మాటే మాట, ప్రెసిడెంటు కూడా వినాల్సిందే. ప్రెసిడెంటు మా ఇంజనీరు గారే, ఈ నిబంధన రాసిందీ ఆయనే. అయితే ఏటా నా పనితీరు మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేది కూడా ఆయనే.

అరవై నాలుగు మార్చిలో, ఆ సీజను ఆఖరి పందానికి డ్యూటీ నాకు పడింది. లాంచీ నడిపేవాడు మస్తాన్. మా వెనక తాడుకు కట్టిన ఒక బల్లపరుపు దోనె. పందెంలో ఉన్నవాళ్లలో మా బావ ప్రభుదాసు ఒకడు. కమలమ్మ అక్క మొగుడు, మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టరు, మనిషి పుష్టి. అప్పటిదాకా ఒక్క పందెమూ గెలవలేదు. పోస్టాఫీసు గుమాస్తా పెంచలయ్య అతని పడవలో రెండో మనిషి. నీళ్లలో తేల్చే బెరడు జాకెట్టు వేసుకో బావా అని నేను చెప్పిన ప్రతిసారీ ఒకటే జవాబు. “ఒరే బామ్మర్దీ, ఈ సరస్సులో మునగాలంటే పండుకోవాలిరా!”

అందులో అబద్ధం లేదు. చాలా చోట్ల నడుము లోతు, కింద గట్టి ఇసక. పడవ బోల్తా పడితే కిందికి దిగి, నిలబడి, లేపుకుని మళ్లీ ఎక్కడం అందరికీ అలవాటు. అలా కుదరని చోట్లు రెండే. ఒకటి మేం తవ్విన కాలువ, అందులో నిలువు లోతు. రెండోది మేం బురద పోసిన మేర. అక్కడ నీళ్లు తొడల దాకే ఉంటాయి గాని కింద అడుగు ఉండదు. ఆ మేర పొడుగునా తాటిగుంజలు పాతించి, తెల్లగుడ్డలు కట్టించి, అవతలికి పోవద్దని ప్రతి పందానికీ ముందు చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఆఖరి చుట్టులో ఇంజనీరు గారు ముందు, బావ వెనకాలే. దక్షిణాన ఆకాశం నల్లబడింది. పందెం ఆపమని ఎర్రజెండా ఎత్తించాను. అది చూసేలోపే గాలి వచ్చి పడింది. నాలుగు పడవలు చాపలు దించి ఒడ్డుకు కొట్టుకుపోయాయి. ఇంజనీరు గారి పడవ కాలువ మధ్యలో తిరగబడింది. బావ పడవ కోసం చూశాను. దగ్గరి దారిలో ముందుకు పోదామని గుంజలు దాటి లోపలికి తిప్పినట్టున్నాడు, అక్కడే పడివుంది. పెంచలయ్య పడవ మీద బోర్లా పడి పట్టుకున్నాడు. మా బావ మాత్రం, అలవాటు ప్రకారం, దిగి నిలబడ్డాడు. చేయి ఊపుతున్నాడు కూడా.

చూసేవాళ్లకు సంగతి తేలిక. కాలువలో ఇద్దరు మునుగుతూ తేలుతూ ఉన్నారు, ఒకరు డివిజనుకు పెద్ద, రెండోవారు కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు. ఇవతల ఒకడు నిక్షేపంగా నిలబడి చేయి ఊపుతున్నాడు. ఒడ్డు మీద మా అక్క కూడా కాలువ వైపే చేతులు చూపిస్తోంది, ముందు అటు పొమ్మని.

నాకు కనిపించింది వేరు. కాలువలో ఉన్న ఇద్దరికీ బెరడు జాకెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి తేలే పడవ ఉంది, గాలి వాళ్లను మెల్లగా ఉత్తరపు ఒడ్డుకే నెడుతోంది. బావ పడవ కదలడం లేదు, దాని తెరచాప కొయ్య బురదలో దిగబడింది. తొడల లోతు నీళ్లున్న చోట మనిషి రొమ్ము దాకా నీళ్లలో ఉన్నాడంటే కాళ్లు ఎక్కడున్నాయో పూడిక తీయించేవాడికి వేరే చెప్పనక్కర్లేదు. పైగా దక్షిణపు గాలి గట్టిగా కొడితే సరస్సు నీళ్లన్నీ మా ఉత్తరపు కొసకు ఎక్కుతాయి. నిలబడ్డవాడికి టైము లేదు.

బురద మేరకు పొమ్మని మస్తాన్‌కు చెప్పాను. అతను చుక్కాని తిప్పలేదు. “అదేంది సార్, పెద్దాయన్ని ఇడిసిపెట్టి పోతామా? మీ బావ నిలబడే ఉండాడు గదా!” నిలబడ్డాడు కాబట్టే పోతున్నామని అరిచాను. ఇంజనీరు గారి పడవకు కేక వినపడే దూరంలోంచే పోయాం. ఆయన చేయెత్తి ఇటు రమ్మని కేక వేశారు. పడవ వదలొద్దు సార్, మళ్లీ వస్తానని రేకుబూరాలో చెప్పాను. ఆ అసిస్టెంట్ ఇంజనీరు నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

లాంచీ గుంజలు దాటలేదు, అడుగు తగులుతుంది. కాలువ అంచున ఆపించి, దోనెలోకి దిగి గెడతో తోసుకుంటూ పోయాను. నేను చేరేసరికి నీళ్లు బావ గడ్డానికి వచ్చాయి. ప్రతి అలకూ మొహం మునుగుతోంది. పెంచలయ్య పడవ మీదినుంచే అతని చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాడు. బావ నన్ను చూసి ఒక్కటే మాట అన్నాడు. “నన్ను లాగరా.”

లాగకూడదు. పూడిక పనుల్లో కూలీలు దిగబడితే చేసే పద్ధతి ఒకటుంది. మనిషిని వెనక్కి పడుకోబెట్టాలి. కాలి పక్కనుంచి గెడ దించి తిప్పుతూ ఉంటే బురదలోకి నీళ్లు దిగుతాయి, అప్పుడు పట్టు వదులుతుంది. ఒక కాలు పూర్తిగా తేలాకే రెండోది. కంగారుపడి చేతులు పట్టి గుంజితే మనిషి ఇంకా దిగుతాడు. వెనక్కి పడుకోమంటే బావ పడుకోడు. నీళ్లలో తల వెనక్కి వాల్చమంటే ఎవడు వాలుస్తాడు? నేను బూతులు తిట్టాను. నా జన్మలో అతన్ని అలా తిట్టలేదు. పెంచలయ్య అతని తల కింద చేయి పెట్టాక వాలాడు. మొదటి కాలు వచ్చింది. రెండోది రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, అంతసేపూ నా కళ్లు కాలువ వైపే పోతున్నాయి. అక్కడ బోర్లాపడ్డ పడవ కనిపిస్తోంది గాని మనుషులు కనిపించడం లేదు.

బావను, పెంచలయ్యను దోనెలో పడేసి లాంచీకి చేర్చాను. ఇంజనీరు గారి పడవ ఉత్తరాన చేపలవాళ్ల కట్టువలల కొయ్యలకు తగులుకుని ఆగింది. ఇద్దరూ దాన్ని వదల్లేదు. ఇంజనీరు గారు తన కాళ్ల మీద లాంచీ ఎక్కారు. అసిస్టెంట్ ఇంజనీరు నీళ్లు బాగా మింగాడు, స్పృహ సగమే ఉంది. మిషన్ ఆసుపత్రిలో చేరిస్తే ఆ వారమంతా మంచం మీదే ఉన్నాడు. బతికాడు. బతక్కపోతే నేను ఏమయ్యేవాణ్ణో ఇప్పటికీ ఆలోచించడం ఇష్టం లేదు.

బజారులో మాట ఊహించినదే. పెద్దాయన్ని నీళ్లలో వదిలి బావను తెచ్చుకున్నాడట. అక్క మాత్రం నాతో, “మీ బావ వైపు పోవద్దనే చెయ్యి ఊపినాను తమ్ముడా. నువ్వు నా మాట ఇనుంటే?” అంది.

క్లబ్బు కమిటీ కూర్చున్నప్పుడు ఇంజనీరు గారు నన్ను పిలిచి వరసగా అడిగారు. గాలి ఎటు, నీళ్లెంత, ఎవరికి జాకెట్టుంది, ఎవరికి లేదు. అన్నీ చెప్పాను. నీ లెక్కలో తప్పు లేదన్నారు. తర్వాత, బురదలో నేనుండి కాలువలో మీ బావ ఉంటే ఎటు పోయేవాడివని అడిగారు. మీ దగ్గరికే వచ్చేవాణ్ణి సార్ అన్నాను. నువ్వు అలా చేసేవాడివనే నమ్ముతున్నాను, కాని ఒడ్డు మీద వాళ్లెవరూ అది చూడలేదు కదా అన్నారు. ఆ రోజే కొత్త నిబంధన పెట్టారు. పందెంలో సొంతమనిషి ఉంటే ఆ రోజు డ్యూటీ ఆఫీసరుగా ఉండకూడదు.

నాకు ఒళ్లు మండింది. ప్రాణం కాపాడితే బహుమానం ఇదా అనుకున్నాను. చాలా రోజులు క్లబ్బు వైపు పోలేదు. ఆ ఏటి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఆయన నా గురించి మంచిగానే రాశారని తర్వాత తెలిసింది. దాంతో కోపం తగ్గలేదు గాని, ఆలోచన మొదలైంది.

తర్వాత ఎన్నో ఏళ్లకు, వేరే డివిజనులో ఉండగా, వరదలో రెండు చోట్ల కట్ట జారడం మొదలైంది. ఇసక బస్తాలు ఒక చోటికే సరిపోతాయి. ఒక చోట కింద మా మేనమామల పొలాలున్నాయి. ముందు ఏ కట్ట తెగుతుందో నాకు తెలుసు, అది మావాళ్లదే. నేను ఆర్డరు వేయలేదు. పక్క సెక్షను సూపర్‌వైజరును పిలిపించి, రెండు కట్టలూ చూపించి, నువ్వే చెప్పమన్నాను. అతను చూసి మావాళ్ల కట్టకే బస్తాలు పంపాడు. అతను రావడానికి పట్టిన ఆలస్యంలో మామ పొలం కొంత కొట్టుకుపోయింది. మామ నాతో మాట్లాడటం మానేశాడు. కట్ట నిలిచింది, బస్తాలు మావాళ్ల వైపే పోయాయని ఎవరూ ఒక్క మాట అనలేదు.