లెవీ ముద్ద

ఆషెర్ సార్ భోజనానికి కూర్చున్నాడంటే అమీర్‌పేటలో హోటలు వాళ్ళు కూడా ఒకసారి గిన్నెలోకి తొంగి చూసుకునేవారు. మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య దోసె, మిర్చి బజ్జీ, బిర్యానీ అన్నీ వరసగా అయిపోయేవి. ఆయన సెలవు పెట్టిన రోజున దోసె బండి ఓదెలు, సారుకు పానం బాగలేదా అని పిల్లల్ని నిలబెట్టి అడిగేవాడు. లావుపాటి మనిషిని చూస్తే నవ్వడం మన జనానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆషెర్ వాళ్ళకంటే ముందు తనమీద తనే ఒక జోకు వేసుకుని, ఆ నవ్వు వాళ్ళకి మిగలనిచ్చేవాడు కాదు. వెనకాల తిండిపోతు అనుకునేవారు. అనేవాళ్ళకేం, నోరుంది, అంటారు. ఆ మనిషి ఎవరి తిండి తింటున్నాడో వాళ్ళకేం తెలుసు?

ఆషెర్‌కి ఒక అన్న ఉండేవాడు. పేరు లెవీ. ఏడేళ్ళప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి. తండ్రి కృపావరం ఎర్రమంజిల్లో ఒక ఆఫీసులో అటెండరు. ఆయన ఆస్పత్రికి పోదామన్నాడు. తల్లి జీవమణి మాత్రం ఎర్రగడ్డలో పసరు మందు పోసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. కామెర్లకు పసరే మందని ఆమె పుట్టింట్లో అందరికీ నమ్మకం. ఆ ముసలాయన మందు పోసి, పథ్యం చెప్పాడు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి మజ్జిగన్నం తప్ప ఏదీ నోట పెట్టకూడదు. పిల్లవాడు గుడ్ల పులుసు కావాలన్నాడు. పొద్దంతా అడిగాడు. గొంతు పోయేదాకా అడిగాడు. రేపు పెడతా నాయినా అంది జీవమణి. రేపు రాకముందే పిల్లవాడు పోయాడు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ అమ్మ అడిగినా పెట్టలేదు. ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు గానీ, ఆమె తనని తాను అనుకోని పూట లేదు.

జీవమణి పుట్టింది జనగామ వైపు కాపుదనం చేసుకునే ఒక హిందువుల ఇంట్లో. అప్పుడామె బుచ్చమ్మ. పెద్దల అమావాస్య పెత్రమాస వస్తే ఆ ఇంట్లో చచ్చినవాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తరాకులో పెట్టి, దొడ్డి గోడమీద ఉంచేవారు. కృపావరాన్ని కట్టుకుని, బాప్తిస్మం తీసుకుని, జీవమణి అయ్యాక ఆ విస్తరాకు ఊళ్ళోనే ఉండిపోయింది. లెవీ ప్రభువు సన్నిధిలో ఉన్నాడు, అక్కడ ఆకలిదప్పులు లేవు అని పాస్టరుగారు ఓదార్చాడు. ఆమెన్ అంది. మనసారా అంది. కానీ కడుపు మాడ్చి పంపిన పిల్లవాడికి పైలోకంలో ఎవరు వడ్డిస్తున్నారో ఆమె తన కళ్ళతో చూడలేదు కదా. క్రైస్తవురాలు గోడమీద ఆకు పెడితే సంఘం ఊరుకోదు. అందుకని ఎవరూ అడ్డుచెప్పని చోటు ఒకటి చూసుకుంది. చిన్నకొడుకు కంచం.

ఆషెర్ తినడం అయిపోయి చెయ్యి కడుక్కుందామనుకునేసరికి ఆమె వచ్చి పక్కన కూర్చునేది. ఇంకో మనిషికి సరిపడా అన్నం కలిపి, ముద్దలు చేసి, తన చేత్తో నోట పెట్టేది. పెడుతూ అతని మొహం చూసేది కాదు. ఆఖరు ముద్ద పెట్టేటప్పుడు పెదాలు కదిలేవి. బడికి పోయే వయసులో ఒకరోజు ఆషెర్‌కి ఆ మాట వినబడింది. "తిను లెవీ" అంటోంది.

ఆ తర్వాత ఆ ముద్దలు వద్దనడం అతని వల్ల కాలేదు. విన్నానని తల్లికి చెప్పలేదు. కొన్నాళ్ళకి కడుపు కూడా నేర్చుకుంది. తన ఆకలి తీరాక రెండో ఆకలి మొదలయ్యేది. అది బయట కూడా, ఓదెలు బండి దగ్గర కూడా, తల్లి చెయ్యి లేకపోయినా మొదలయ్యేది. పెద్దవాడై, పెళ్ళయి, తండ్రి పోయి, జుట్టు నెరిసినా ఇంట్లో ఆ రెండో వడ్డన ఆగలేదు. ఊపిరి అందక మెట్రో మెట్ల మీద కూలబడ్డ రోజున కూడా ఇంటికొచ్చి ఆ ముద్దలు తిన్నాడు.

భార్య షెర్లిన్‌ది తెనాలి. స్కూలు టీచరు. అత్తగారి పెంపకం గారాబం అనుకుందే తప్ప, దాని లోతు ఆమెకు తెలియదు. నిద్రలో ఆషెర్ ఊపిరి ఆగి ఆగి వస్తుంటే పక్కన లేచి కూర్చుని వినడం మాత్రం ఆమెకు అలవాటైపోయింది. చివరికి పంజాగుట్టలో ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోయింది. కడుపు సగానికి పైగా కోసి తీసేసి, మిగిలింది అరటికాయంత సంచీలా కుట్టేస్తామన్నాడు డాక్టరు. ఆషెర్ ఒప్పుకున్నాడు. బతకాలని ఉంది, ఎవరికి ఉండదు?

జీవమణి వద్దనలేదు, సరేననలేదు. ఆపరేషన్ అయి కొడుకును గదిలోకి తెచ్చాక ఒక నర్సు చెయ్యి పట్టుకుని, కోసిన ముక్క ఏడ వెట్టిండ్రమ్మా అని అడిగింది. పరీక్షకు పంపి తర్వాత కాల్చేస్తారని చెప్పి ఆ పిల్ల నవ్వింది. మత్తులో ఉన్న ఆషెర్‌కి ఆ ప్రశ్న వినబడింది. ఆ గదిలో అది అర్థమైనవాడు అతనొక్కడే.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. మందు కొలిచే చిన్న మూతతో నీళ్ళు, గుక్కకీ గుక్కకీ మధ్య ఆగాలి. ఆ తర్వాత పలచటి మజ్జిగ, వడగట్టిన సూపు. లోపల కుట్లు పచ్చిగా ఉన్నాయి, మెత్తటి అన్నం కూడా మేం చెప్పేదాకా పెట్టొద్దు, కుట్టు ఊడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు షెర్లిన్‌కి గట్టిగా చెప్పి పంపాడు. ఒకపూట తొందరపడి రెండు గుక్కలు ఒకేసారి తాగితే ఛాతీలో రాయి ఇరుక్కున్నట్టయి, నురగ కక్కుకుని, గోడకి తల ఆనించి కూర్చున్నాడు. తీపి నోట పెడితే డోకు వచ్చేది. నడవమన్నారని ధరమ్ కరమ్ రోడ్డు దాకా నెమ్మదిగా వెళ్తే, ఓదెలు బండి మీద నూనె వాసన పడక వెనక్కి తిరిగాడు. ఓదెలు పిలిచిన పిలుపు వెనకాలే వినబడింది.

ఇవన్నీ డాక్టరు ముందే చెప్పినవే. ఇంకోటి కూడా చెప్పాడు, కొన్నాళ్ళు ఆకలే తెలియదని. కోసేసిన భాగంలోనే ఆకలి పుట్టించేదేదో తయారవుతుందట, అది పోయింది కనుక ఆకలీ పోతుందట. చాలామంది అందుకే సంతోషిస్తారట. ఆషెర్‌కి మాత్రం భయం వేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లోపల ఎవరో ఒకరు కూర్చుని పిలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు భోజనం వేళ అవుతుంది, కుక్కర్ కూత వేస్తుంది, పక్కింట్లో పోపు ఘుమఘుమలాడుతుంది, లోపల మాత్రం ఎవరూ పలకరు. తప్పు ఎక్కడుందో వెతకడం నేర్పడమే అతని ఉద్యోగం, కనుక తనలోనూ వెతికాడు. కళ్ళు మూసుకుని బిర్యానీ తలుచుకున్నాడు, బజ్జీ తలుచుకున్నాడు, గుడ్ల పులుసు తలుచుకున్నాడు. చచ్చినవాళ్ళ గది తలుపు కొట్టినట్టుంది. లెవీ మొహం అతనికి గుర్తు లేదు, ఇంట్లో ఫోటో కూడా లేదు. అన్న అంటే అతనికి తెలిసింది ఆ రెండో ఆకలే. అది కాస్తా ఆస్పత్రివాళ్ళు కాల్చేశారు. నేనే సంతకం పెట్టి అన్నను చంపుకున్నానా అని మంచంలో పడుకుని ఏడ్చాడు. ఇలాంటి ఏడుపు ఎవరికి చెప్పుకుంటాడు?

వంటింట్లో జీవమణి చెయ్యి మాత్రం ఆగలేదు. రోజూ ఇంకొకరి వంతు కలుపుతోంది, కలిపి నిలబడుతోంది. తను మాత్రం ఎప్పట్లాగే రెండు పిడికిళ్ళ మజ్జిగన్నం తిని లేస్తుంది, లెవీ పోయినప్పట్నుంచీ ఆమె తిండి అంతే. ఆ కలిపిన అన్నం ఒకరోజు బాల్కనీ పిట్టగోడ మీద పెట్టింది. ఆ వీధిలో కాకులెక్కడివి? పావురాలు దిగాయి. ఎవరి పెద్దలో ఏమో, ముక్కులతో చిమ్మి కింది ఫ్లాటు వాళ్ళ బట్టలమీద పోశాయి. వాళ్ళు వచ్చి గొడవపడ్డారు. షెర్లిన్ నెమ్మదిగానే, పావురాలకు పెట్టకండి అత్తయ్యగారూ, ఈయనకి ఇన్‌ఫెక్షన్ వస్తే కష్టం అంది. జీవమణి తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా తలవంచుకుంది. మర్నాటి నుంచి ఆ అన్నం ఎటు పోతోందో ఎవరికీ తెలియలేదు. ఆమె మాత్రం మధ్యాహ్నాలు కొడుకు మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గది గుమ్మంలో నిలబడి, మూతతో నీళ్ళు గుటక వేస్తున్న ఆషెర్‌ని చూస్తూ ఉండేది. మంచం మీద కొడుకు, పథ్యం, వద్దనే మాట. మళ్ళీ అదే ఇల్లు, అదే పొద్దు. ఆషెర్‌కి అది తెలుస్తూనే ఉంది. కునుకు పట్టినప్పుడల్లా కాళ్ళ దగ్గర ఎవరో పిల్లవాడు కూర్చుని దుప్పటి లాగుతున్నట్టు ఉలిక్కిపడేవాడు. లేచి చూస్తే తల్లి ఉండేది.

ఆ ఆదివారం షెర్లిన్ ఒక్కతే చర్చికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పని జీవమణి ఉండిపోయింది. ఆరాధన మానడం ఆమె ఎరగదు. కాసేపటికి ఇల్లంతా చింతపండు, ఉల్లిగడ్డ, ఉడికిన గుడ్డు వాసన. ఆమె కంచం పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. పులుసన్నం పిసికి పిసికి పిల్లలకు పెట్టేటంత మెత్తగా చేసింది.

"ఒక్క ముద్ద బిడ్డా. ఒక్కటంటే ఒక్కటి. గిది నీకు ఏం చెయ్యది."

ముద్ద పెదాల దాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. తింటే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. తినకపోతే ఈమె ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. తల్లి ఎప్పట్లాగే గోడవైపు చూస్తోంది. ఆషెర్ ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"అమ్మా, గీ ముద్ద ఎవ్వరిదో నాకెరికే."

ఆమె మొహం తిప్పి, ముద్ద చేతిలో ఉండగా మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. ఎప్పటిసంది అని అడిగింది. చిన్నప్పటిసంది అన్నాడు. మరి ఎన్నడూ అనకపోతివి అంది. నువ్వు పెడుతుంటివి, నేను తింటుంటిని, ఇంకేమనాలె అన్నాడు. అప్పుడు ఆ ముసలిది చెప్పుకుంది, ఇన్నేళ్ళలో కృపావరానికి కూడా చెప్పనిది. ఆఖరున గొంతు రాకపోతే పిల్లవాడు చెయ్యి నోటిదగ్గర పెట్టి చూపించాడట. ఆమె చూడనట్టు గోడవైపు తిరిగిందట.

"వాడు ఆకలితోని పోయిండు రా. నేనే పంపిన. నీ కడుపుల ఇంత తింటుండు అనుకుంటే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడు వాడు ఏడికి పోవాలె?"

ఆషెర్ ఉన్నదే చెప్పాడు. నా దగ్గర లేడమ్మా, మస్తు దేవులాడిన, ఎంత ఎతికినా లేడు అన్నాడు. ఆమె చేతిలోని ముద్దను మెల్లగా ఆమె నోటివైపు తిప్పాడు. నువ్వు తినమ్మా, నీ దగ్గరికే వస్తడు అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఆమె ప్రాణం కాస్త కుదుటపడుతుందనుకున్నాడేమో.

జీవమణి గుడ్డు నోట పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ముద్ద నాలుక మీద పెట్టుకుని నమలకుండా కాసేపు అలాగే ఉంది. తర్వాత మింగింది. ఇంకో ముద్ద తింది. ఆషెర్‌కి గుండెల్లో బరువు దిగినట్టయింది. కంచం ఖాళీ అయింది. ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చుకుంది. మోకాళ్ళ నొప్పి మనిషి నేలమీద చతికిలబడి, అన్నంలో పులుసు పోసుకుని, రెండు చేతులా తినడం మొదలుపెట్టింది. పులుసు మోచేతుల దాకా కారుతోంది. ఆమె నిదానంగా తినే మనిషి, మెతుకు కింద పడనివ్వదు. ఇప్పుడు తింటున్న తీరు ఆమెది కాదు. జ్వరం తగ్గి లేచిన పిల్లవాడు అలా తింటాడు. అమ్మా, జర మెల్లగ అన్నాడు ఆషెర్. ఆమె వినలేదు.

షెర్లిన్ బైబిలు సంచీతో వచ్చేసరికి గిన్నెలన్నీ ఖాళీ. అన్నం అడుగంటా గీకేసి ఉంది. అత్తగారు ఆకలిగా తినడం ఆమె పెళ్ళయినప్పట్నుంచీ చూడలేదు. ఏంటండీ ఇవాళ అత్తయ్యగారు, దేవుడికి స్తోత్రం అని నవ్వింది. జీవమణి తల ఎత్తలేదు. పులుసు చేతిని నోటి దగ్గర పెట్టి, ఇంకా కావాలన్నట్టు చూపించింది.

షెర్లిన్ నవ్వు ఆగింది. మరీ ఎక్కువైతే పడదేమో, పెద్దావిడ కదా అని మొగుడి వైపు చూసింది.

ఆషెర్ కడుపు పట్టుకుని మంచం దిగాడు. గోడ ఆసరాతో వంటింట్లోకి నడిచి, బియ్యం డబ్బా మూత తీశాడు.

"పొయ్యి వెలిగించు షెర్లిన్," అన్నాడు. "అడిగినన్ని సార్లు పెడదాం. వద్దనకు."